శాన్ జేవియర్ మిషన్‌కి వెళ్తున్నారా? ముందు టూమకాకొరి చూడండి

ప్రశ్న క్లుప్తంగా ఇది: అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో ఉంటున్నాం, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు, డిసెంబరులో ఒక రోజు టూసాన్ దగ్గరున్న శాన్ జేవియర్ మిషన్‌కి (స్పానిష్ పాదిరీలు మతప్రచారానికి పెట్టిన చర్చి) తీసుకెళ్దామనుకుంటున్నాం. గంటలో అయిపోతుందని అందరూ అంటున్నారు, అంత దూరం పోవడం దండగా?

గంట కూడా పట్టదండీ. తెల్లటి చర్చి ముందు నిలబడి నాలుగు ఫొటోలు తీసుకుని, లోపలికి తొంగిచూసి వచ్చేస్తే ఇరవై నిమిషాల పని. దండగ కాకూడదంటే ఒక్కటి చేయండి: దాన్ని మొదట చూడకండి. ముందు ఇంకో 63 కిలోమీటర్లు దక్షిణానికి వెళ్ళి టూమకాకొరి అనే పాడుబడ్డ మిషన్ శిథిలం చూడండి, తిరుగుదారిలో శాన్ జేవియర్ దగ్గర ఆగండి. మొదటిది పై పొర ఊడిపోయిన కట్టడం. గోడలో ఏముందో, నీళ్ళు దాన్ని ఎలా తిన్నాయో కళ్ళకు కనబడుతుంది. అది చూసి వచ్చినవారికి రెండోదాని తెల్లటి గచ్చు వట్టి రంగులా కనబడదు.

ముందు దారి సంగతి. ఫీనిక్స్ నుంచి ఐ-10 హైవే మీద టూసాన్ సుమారు 115 మైళ్ళు. అక్కడ ఐ-19 ఎక్కాలి. ఈ రోడ్డు మీద దూరాల బోర్డులన్నీ దాదాపు కిలోమీటర్లలోనే ఉంటాయి. ఎగ్జిట్ నంబర్లు కూడా మెక్సికో సరిహద్దులోని నొగాలెస్ నుంచి లెక్కపెట్టిన కిలోమీటర్లే. శాన్ జేవియర్ ఎగ్జిట్ 92, ట్యూబాక్ 34, టూమకాకొరి 29. వేగ పరిమితి మాత్రం మైళ్ళలోనే రాసి ఉంటుంది, అక్కడ పొరపడకండి. 29 దగ్గర దిగడం మర్చిపోయి ఏమరుపాటుగా పోతే అరగంట లోపే నొగాలెస్ చేరిపోతారు. అక్కడ రోడ్డు సరిహద్దు గేటు వైపు తిరుగుతుంది. అమ్మానాన్నల వీసా సంగతి తేల్చుకోకుండా ఆ గేటు దాటితే తిరిగి రావడం పెద్ద తలనొప్పి.

కాగితాలు. తిరిగి ఉత్తరానికి వచ్చేటప్పుడు ట్యూబాక్ దాటాక బోర్డర్ పేట్రోల్ చెక్‌పోస్టు ఉంటుంది. దక్షిణానికి వెళ్ళేటప్పుడు ఉండదు కాబట్టి చాలామంది దాని గురించి ఆలోచించరు. 18 ఏళ్ళు నిండిన విదేశీయులు తమ రిజిస్ట్రేషన్ పత్రం (గ్రీన్ కార్డు, దేశంలోకి వచ్చినప్పటి నమోదు పత్రమైన ఐ-94 లాంటివి) ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలన్నది అమెరికా చట్టం. అమ్మానాన్నల అసలు పాస్‌పోర్టులు, ఐ-94 ప్రింటు, మీది హెచ్-1బి అయితే పాస్‌పోర్టుతో పాటు ఐ-797 (ఆమోదపు నోటీసు) కూడా కారులో ఉంచండి. ఫోనులో ఫొటో ఉంది కదా అని ఊరుకోకండి. సాధారణంగా "అమెరికా సిటిజన్లేనా?" అని అడుగుతారు. కాదు, ఫలానా వీసా అని సూటిగా చెప్పి కాగితం చూపిస్తే చాలు. పెద్దవాళ్ళకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. తుపాకీ పెట్టుకున్న మనిషి కిటికీలోకి వంగి అడిగితే కంగారుపడతారు.

ఉదయం ఏడింటికి బయలుదేరితే తొమ్మిదిన్నర, పది మధ్య టూమకాకొరిలో ఉంటారు. ఇది నేషనల్ పార్క్ సర్వీసు చేతిలో ఉంది. 16 ఏళ్ళు దాటినవారికి మనిషికి 10 డాలర్ల టికెట్టు, పార్కుల వార్షిక పాస్ కూడా చెల్లుతుంది. థాంక్స్‌గివింగ్ రోజు, క్రిస్మస్ రోజు మూసేస్తారు. డిసెంబరులో ఇక్కడ తెల్లవారుజామున చలి సున్నా డిగ్రీల దగ్గరికి దిగుతుంది. మందపాటి మట్టిగోడలు ఆ చలిని పట్టి ఉంచుతాయి కాబట్టి బయట ఎండ కాస్తున్నా లోపల వణుకే. ఎడారి కదా అని స్వెటర్ లేకుండా రావద్దు.

ఈ ఊళ్ళ చరిత్రలో ఎక్కువమంది తప్పుగా చెప్పే మాట ఒకటుంది: "ఫాదర్ కీనో కట్టిన చర్చి." యుసేబియో ఫ్రాన్సిస్కో కీనో జెసూట్లు అనే క్యాథలిక్ సంఘపు పాదిరీ, పటాలు గీయడంలో దిట్ట. 1691 జనవరిలో టూమకాకొరికి, 1692లో ఇప్పుడు శాన్ జేవియర్ ఉన్న వాక్ అనే ఊరికి వచ్చాడు. మిషన్లను స్థాపించింది ఆయనే. కానీ 1711లో చనిపోయాడు. మీరు చూసే రెండు కట్టడాల్లో ఏదీ ఆయన కట్టింది కాదు. స్పెయిన్ రాజు 1767లో జెసూట్లందరినీ తన రాజ్యం నుంచి వెళ్ళగొట్టాడు. ఆ తర్వాత వచ్చిన ఫ్రాన్సిస్కన్లు అనే మరో సంఘపు పాదిరీలు కట్టినవి ఇవి. టూమకాకొరి అయితే ఊరే మారింది. కీనో వచ్చినప్పుడు శాంతా క్రూజ్ నదికి తూర్పు గట్టున ఉండేది. 1751లో స్పానిష్ పెత్తనం మీద ఇక్కడి మూలవాసులైన ఓఓదమ్ ప్రజలు తిరగబడ్డారు, అది సద్దుమణిగాక పడమటి గట్టుకు మార్చారు. ఆ తిరుగుబాటు వల్లే 1752లో పక్కన ట్యూబాక్‌లో సైనిక శిబిరం వెలిసింది. పాదిరీలు ఎడారికి వెలుగు తెచ్చారన్న ధోరణిలో చెప్పే గైడు దొరికితే ఈ 1751 గురించి ఒక ప్రశ్న అడగండి. గోధుమ పండించింది, ఇటుక కోసింది, రోగాలకు చచ్చింది ఎవరో కూడా ఆ కథలో భాగమే.

ఇప్పుడు గోడల దగ్గరికి వద్దాం. టూమకాకొరి చర్చి పని 1800 ప్రాంతంలో మొదలైంది. డబ్బు లేక ఆగుతూ సాగుతూ నడిచింది. గంటల గోపురం పైభాగం ఇప్పటికీ లేదు, అది కూలిపోలేదు, అసలు కట్టనే లేదు. గోడలు పచ్చి ఇటుకవి, అంటే ఎండలో ఆరబెట్టిన మట్టి ఇటుక. కాల్చిన ఇటుకకు కట్టెలు కావాలి, ఎడారిలో కట్టె ఖరీదైనది. అందుకే నీళ్ళు కొట్టే చోట, బరువు పడే చోట మాత్రమే కాల్చిన ఇటుక వాడారు: ముఖద్వారం స్తంభాలు, గోడల పై అంచులు, వెనక గర్భగుడి లాంటి భాగం మీది గుమ్మటం. లోపల నిలబడి ఎక్కడ ఏ ఇటుక ఉందో మీరే పోల్చుకోండి. పిల్లలుంటే ఇది మంచి ఆట కూడా.

పచ్చి ఇటుకకు ప్రాణం పైనున్న సున్నపు గచ్చు, ఆ పైనున్న కప్పు. 1848 డిసెంబరులో అపాచీలు అనే మరో తెగ దాడులకు, చలికి తట్టుకోలేక చివరి కుటుంబాలు ఊరు వదిలేశాయి. పోతూ పోతూ విగ్రహాలను శాన్ జేవియర్‌కి మోసుకెళ్ళాయి. మధ్యాహ్నం అక్కడికి వెళ్ళినప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి. ఆ తర్వాత హాలు మీది చదును కప్పు పోయింది. వాన నేరుగా నేలమీద పడింది. గుప్తనిధులంటూ వచ్చినవాళ్ళు నేల తవ్విపోశారు. గుమ్మటం కాల్చిన ఇటుకది కాబట్టి నిలిచింది. దాని కింద గోడల మీద పాత రంగుల జాడలు ఇంకా ఉన్నాయి, అక్కడ ఒక ఐదు నిమిషాలు ఆగండి. హాలు మీద ఇప్పుడున్న కప్పు 1920ల తొలినాళ్ళలో వేసింది.

గోడ అడుగుభాగం చూశారా, లోపలికి కొరుక్కుపోయినట్టు ఉంటుంది. అది పైనుంచి పడిన వాన పని కాదు. నేలలోని తేమ గోడలోకి ఎగబాకుతుంది, వస్తూ ఉప్పును తెస్తుంది. పైకి వచ్చాక నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు మాత్రం మట్టిలోనే గడ్డకట్టి దాన్ని పొడిపొడి చేస్తుంది. మన ఊళ్ళలో గోడలకు ఉప్పు పూయడం చూసినవారికి కొత్తగా చెప్పక్కర్లేదు. చేత్తో తాకితే ఆ పొడి ఇంకాస్త రాలుతుంది, తాకవద్దన్న బోర్డులు అందుకే. వెనక వైపు ధాన్యపు కొట్టు, కప్పు లేని గుండ్రటి చిన్న మందిరం, శ్మశానం, సున్నం కాల్చిన బట్టీ ఉన్నాయి. చాలామంది చర్చి చూసి వెనుదిరుగుతారు. బట్టీ మాత్రం వదలకండి, గచ్చుకు కావలసిన సున్నం పుట్టిన చోటది.

పక్కనే శాంతా క్రూజ్ నది. చెట్ల నీడలో ట్యూబాక్ దాకా సుమారు నాలుగు మైళ్ళ కాలిబాట ఉంది. నడవండి గానీ నీళ్ళలో దిగకండి, పిల్లల్ని దిగనివ్వకండి. ఆ ప్రవాహంలో చాలా భాగం నొగాలెస్ మురుగునీటిని శుద్ధిచేసి వదిలినది.

కారం ప్రియులకు చిన్న మాట: మిషన్‌కి దగ్గర్లోనే శాంతా క్రూజ్ చిలీ అనే మసాలాల దుకాణం 1940ల నుంచి ఉంది. చిల్టెపిన్ దొరికితే కొనండి. మిరియం గింజంత గుండ్రటి అడవి మిరప, ఈ కొండల్లో దానంతటదే మొలుస్తుంది. ఘాటు నాలుకను చురుక్కున కాల్చి, తొందరగానే దిగిపోతుంది. గుంటూరు మిరప ఘాటులా నిలబడదు.

పదకొండు దాటాక బయలుదేరితే చెక్‌పోస్టు దాటుకుని పన్నెండున్నర లోపు శాన్ జేవియర్. స్థానికులు పలికేది "శాన్ హవియేర్". ఇది పార్కు కాదు, టికెట్టు లేదు. తోహొనో ఓఓదమ్ జాతి భూమిలో, వాళ్ళ ఊరి మధ్యలో, రోజూ పూజ జరిగే చర్చి. పరాయి ఊరి గుడికి వెళ్ళినట్టే మెలగాలి. టోపీ తీసేయాలి, మాస్ (చర్చి పూజ) జరుగుతుంటే నడవలో తిరగకూడదు, ఫొటోలు తీయకూడదు. ఊరివాళ్ళను, పక్కనున్న శ్మశానాన్ని ఫొటో తీయకండి. డ్రోన్ అయితే కారులోంచి దించనే వద్దు. ఆదివారం ఉదయం వరుసగా మాస్‌లు ఉంటాయి కాబట్టి చూడటానికి వచ్చేవారికి అది అనువైన సమయం కాదు. డిసెంబరు 3 సెయింట్ జేవియర్ పండుగ, ఆ రోజు రద్దీ ఎక్కువ. టూమకాకొరి ఫియెస్టా కూడా డిసెంబరు మొదటి వారాంతంలోనే. జాతర సందడి కావాలంటే అప్పుడు, గోడలు ప్రశాంతంగా చూడాలంటే తర్వాతి వారం. తలుపులు మూసే వేళలు మారుతుంటాయి. మూడు దాటాక వచ్చి లోపలికి పోవచ్చని మాత్రం నమ్ముకోకండి.

లోపలికి పోకముందు బయట నిలబడండి. ఈ చర్చి 1783 నుంచి 1797 వరకు కట్టారు. మొదలుపెట్టిన పాదిరీ హువాన్ బౌతిస్తా వెల్దెర్రైన్ ఒక రైతుదొర దగ్గర 7,000 పెసోలు అప్పు తెచ్చాడు, రాబోయే గోధుమ పంటే హామీ. ఇంత దూరపు సరిహద్దులో కట్టినా ఇది పచ్చి ఇటుక కాదు, కాల్చిన ఇటుక, సున్నం. కప్పు కూడా దూలాల మీద లేదు, వరుస గుమ్మటాల మీద ఉంది. టూమకాకొరి కప్పు పోయి ఇది నిలవడానికి సగం కారణం అదే. తూర్పు గోపురానికి పైన గుమ్మటం లేదు. పనివాడు పడి చనిపోయాడని, పూర్తయితే పన్ను కట్టాలని వదిలేశారని కథలు చెబుతారు. అప్పు లెక్క చూస్తే డబ్బు అయిపోయిందన్న మాటే నమ్మబుద్ధేస్తుంది. ముఖద్వారం పైన రెండు వైపులా చుట్టుకున్న వంపుల మీద ఒకవైపు పిల్లి, ఎదురుగా ఎలుక ఉంటాయి. పిల్లి ఎలుకను పట్టిన రోజు ప్రపంచం అంతమవుతుందని ఊరి నానుడి. పిల్లల్ని వెతకమనండి, పెద్దవాళ్ళకు బైనాక్యులర్ ఇవ్వండి.

ముఖద్వారం దక్షిణం వైపు ఉంది. డిసెంబరులో సూర్యుడు రోజంతా దక్షిణానే, కిందుగా ఉంటాడు కాబట్టి మధ్యాహ్నం ఫొటోలు కూడా బాగా వస్తాయి. జూన్‌లో అదే పన్నెండింటికి ఎండ నడినెత్తిన పడి చెక్కడాలన్నీ చదునుగా, కళ్ళు చెదిరే తెలుపుగా కనబడతాయి. వేసవిలో రావలసివస్తే పొద్దున్నే రండి.

ఇక గచ్చు సంగతి. ఇరవయ్యో శతాబ్దంలో మరమ్మతులకు సిమెంటు వాడారు. అది గట్టిది, గాలి ఆడనివ్వదు. కింద ఉన్న పాత ఇటుక మెత్తనిది. ఎండకు, చలికి రెండూ ఒకేలా కదలవు, సన్నటి పగుళ్ళు వస్తాయి. పగుళ్ళలోంచి వాన లోపలికి పోతుంది, సిమెంటు అడ్డుగా ఉండటంతో బయటికి ఆరదు, లోపలి గోడ వైపు నడుస్తుంది. అలా 1980ల చివరికి లోపలి బొమ్మల రంగు పెచ్చులూడటం మొదలైంది. అందుకని సిమెంటు గీకేసి మళ్ళీ సున్నం, ఇసుక గచ్చే వేయడం మొదలుపెట్టారు. అందులో కలిపేది నాగజెముడు జిగురు. మట్టల్ని ముక్కలు కోసి నీళ్ళలో నానబెడితే వచ్చే బంక అది. గచ్చు తొందరగా ఆరిపోయి చిట్లకుండా నీటిని పట్టి ఉంచుతుంది, పూయడానికి జారుడుగా ఉంటుంది, ఆరాక వాననీటిని కొంత తట్టుకుంటుంది. డంగు సున్నంలో బెల్లం, కరక్కాయ కలిపే మన పద్ధతి తెలిసిన నాన్నగారైతే ఇక్కడ మీకంటే ఎక్కువసేపు నిలబడతారు. ఎక్కడో ఒక చోట పరంజా కట్టి ఉంటే విసుక్కోకండి, ఈ పని ఎప్పటికీ పూర్తయ్యేది కాదు.

లోపలికి వెళ్ళాక కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఆగండి. తర్వాత ఏది నిజం, ఏది నకలు అని వెతకండి. గోడ కింది భాగంలో మెరుగుపెట్టిన టైల్స్ అనిపించేది రంగు. పాలరాయిలా కనబడేదీ రంగే. కొన్ని తలుపులు కూడా గోడ మీద వేసిన బొమ్మలే, ఎదురుగా నిజం తలుపు ఉంది కాబట్టి ఇటు జంటగా ఒకటి గీశారు. తెరలు గచ్చుతో మలిచినవి. గోడ పైఅంచున చుట్టూ తిరిగే తాడు ఫ్రాన్సిస్కన్లు నడుముకు కట్టుకునే తాడు. బంగారంలా మెరిసే ప్రధాన బలిపీఠం వెనక ఉన్నది చెక్క కాదు, ఇటుక, గచ్చు. మసి, దుమ్ముల కింద నల్లబడిన ఇదంతా 1992 నుంచి 1997 వరకు శుభ్రం చేశారు. విదేశాల నుంచి వచ్చిన నిపుణులతో పాటు ఊరి ఓఓదమ్ యువకులూ ఆ పని నేర్చుకుని చేశారు. ఉదయం పూట వలంటీర్లు ఉచితంగా తిప్పి చూపిస్తుంటారు. గైడు మీకు అంత ముఖ్యమైతే నేను చెప్పిన వరుస తిప్పేసి ముందు ఇక్కడికే రండి, నష్టమేమీ లేదు.

ఎడమవైపు, అంటే పడమటి పక్క మందిరంలో, పడుకుని ఉన్న విగ్రహం దగ్గర జనం వరుస కడతారు. అది సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్. గోవాలో బోమ్ జీసస్ చర్చిలో వెండి పెట్టెలో భౌతికకాయం ఉన్న ఆ జేవియరే. మీ అమ్మానాన్నలు గోవా చూసి ఉంటే పరిచయం చేయాల్సిన పని లేదు. కీనో పేరులోని ఫ్రాన్సిస్కో కూడా ఆయన మీది మొక్కే. యువకుడిగా ఉన్నప్పుడు ప్రాణం మీదికి వచ్చిన జబ్బు తగ్గాక చేర్చుకున్నాడు. అసిసీ ఫ్రాన్సిస్ వేరు. ఆయన ఫ్రాన్సిస్కన్ల గురువు, ఇద్దరినీ కలిపేయకండి. ఆ పడుకున్న విగ్రహం టూమకాకొరి నుంచి మోసుకొచ్చిన వాటిలోదేనని, మొదట సమాధిలోని క్రీస్తుగా చెక్కినదని చెబుతారు. మొక్కుకున్నవారు చేయి, కాలు, కన్ను ఆకారపు చిన్న లోహపు బిళ్ళలు, ఫొటోలు, ఆసుపత్రి చేతిపట్టీలు దాని దుప్పటికి గుచ్చుతారు. మన గుళ్ళలో వెండి కళ్ళు సమర్పించడం లాంటిదే. తల కింద చేయి పెట్టి కొద్దిగా ఎత్తుతారు. మనసు సరిగా లేనివాడికి లేవదట. వరుసలో భక్తులుంటే వాళ్ళని పోనివ్వండి, అక్కడ కెమెరా కిందికి దించండి.

మెక్సికో స్వాతంత్ర్యం తర్వాత పాదిరీలు వెళ్ళిపోయి ఈ చర్చి ఖాళీగా ఉన్న ఏళ్ళున్నాయి. 1854లో ఈ నేల అమెరికాకు అమ్ముడుపోయింది. 1859లో ఫాదర్ మాష్‌బఫ్ వచ్చేసరికి పూజా పాత్రలను ఓఓదమ్ కుటుంబాలు ఇళ్ళలో భద్రంగా దాచి ఉంచాయి. టూమకాకొరికీ దీనికీ ఉన్న రెండో సగం తేడా ఇది: ఊరు ఖాళీ కాలేదు.

తిండి. చర్చి ముందు మైదానంలో పందిళ్ళ కింద ఓఓదమ్ మహిళలు వేయించిన రొట్టె అమ్ముతారు, బయటివాళ్ళు ఫ్రై బ్రెడ్ అంటే వాళ్ళు పాప్‌ఓవర్ అంటారు. కింద మండేది మెస్కీట్ కట్టె, మన సర్కారు తుమ్మకు దాయాది. పూరీకంటే మందం, భటూరాకి దగ్గర. నగదు పట్టుకెళ్ళండి. శాకాహారులు రెండు ప్రశ్నలు అడగాలి: వేయించేది దేనిలో, ఉడికించిన బీన్స్‌లో పందికొవ్వు ఉందా? రొట్టెతో ఇచ్చే ఎర్ర చిలీ అనే కూరలో దాదాపు ఎప్పుడూ మాంసం ఉంటుంది. తేనె లేదా చక్కెర పొడి చల్లినది అడిగితే చిక్కు తక్కువ, అయితే నూనె సంగతి అప్పుడూ అడగాలి. మరీ పట్టింపున్న పెద్దవాళ్ళుంటే పులిహోర డబ్బా కారులో పెట్టుకోవడమే మేలు.

మోకాళ్ళు బాగున్నవారు తూర్పున ఉన్న చిన్న గుట్ట ఎక్కవచ్చు, మేరీమాత కనబడిందని చెప్పే ఫ్రాన్స్‌లోని లూర్దు గుహ నమూనా ఉంటుంది. వెచ్చటి నెలల్లో రాళ్ళ సందుల్లో చేయి పెట్టకండి, గిలక పాములుంటాయి. మైదానానికి అటుపక్క దుకాణాల్లో ఓఓదమ్ బుట్టలు దొరుకుతాయి. యుక్కా అనే ఎడారి మొక్క నార, డెవిల్స్ క్లా అనే మొక్క కాయల నల్లటి తొడుగులతో చేత్తో అల్లినవి. ధర చూసి బేరమాడకండి, అరచేయంత బుట్టకు కూడా చాలా గంటల పని పడుతుంది.

మూడింటికి కారెక్కితే ఐదింటికి ఫీనిక్స్. జులై, ఆగస్టుల్లో వచ్చేవాళ్ళకు మాత్రం ఒక హెచ్చరిక. ఐ-10 మీద పికాచో దగ్గర మధ్యాహ్నం దుమ్ము తుఫాను గోడలా వస్తుంది. ముందు ఏమీ కనబడకపోతే నెమ్మదిగా పోదామనుకోకండి. రోడ్డు నుంచి పూర్తిగా పక్కకు దిగి, లైట్లన్నీ ఆర్పి, హ్యాండ్ బ్రేక్ వేసి, కాలిని బ్రేకు మీదనుంచి తీసేసి కూర్చోండి. వెనక వెలిగే ఎర్ర లైటు చూసి, రోడ్డు అటే ఉందనుకుని వెనకవాడు వచ్చి గుద్దేస్తాడు.